కాఫీపొడి అప్పు, గ్లాసు ఎరువు

మా ముత్తాత సుబ్బారాయుడు గారికి గౌతమికీ వసిష్ఠకీ మధ్య నలభై పుట్ల భూమి ఉండేది. లాకుల దగ్గర ఆయన పడవ కనబడితే తక్కిన పడవలు పక్కకు తప్పుకునేవట. మా తాతగారు జగన్నాథం గారు తాలూకా బోర్డు మెంబరు. కొత్తపేటలో నిధి పెట్టింది ఆయనే. ఊళ్ళవాళ్ళు దాచుకునే డబ్బు తీసుకుని, తోటల మీదా చేల మీదా అప్పులిచ్చే చిన్న బ్యాంకు అది. మా నాన్నగారు విశ్వేశ్వరరావు గారు దానికి ముప్ఫై ఏళ్ళు ప్రెసిడెంటు. ఆయన అమలాపురం పెద్ద బ్యాంకులో అడుగుపెడితే ఏజెంటు గారు కుర్చీలోంచి లేచి ఎదురొచ్చేవారు. నాన్నగారి తరవాత నేను వెళ్ళాను. ఏజెంటు గారు లేవలేదు.

ఇదంతా గొప్పకోసం చెప్పడం లేదు. నేను రాయబోయేది మా నిధిలో గుమస్తాగా పనిచేసిన మనిషి గురించి. మా నాలుగు తరాల పేర్లూ, వాళ్ళకి జరిగిన మర్యాదలూ నాకు నోటికొచ్చు. ఆయన తండ్రి పేరేమిటో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన పేరు మాత్రం జీతాల పుస్తకంలో ఉండేది. ఎవరూ ఆ పేరుతో పిలిచిన గుర్తు లేదు. నాన్నగారికి ఆయన "ఏవయ్యా". తక్కిన లోకానికంతటికీ గుమస్తా గారు.

పోయిన నెలలో సఖినేటిపల్లి నుంచి ఒక పెద్దావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో పాత దినపత్రికలో చుట్టిన పొట్లం.

"గుమస్తా గారు పోయేరండి. పదకొండో రోజు కూడా అయిపోయిందండి. ఇది మీకు ముట్టజెప్పమన్నారండి," అంది.

పొట్లం విప్పితే ఇత్తడి గ్లాసు. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు: సీతారత్నం. మా నాయనమ్మ. గ్లాసులో మడిచిన చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలు. "ఎరువు. తిరిగి ఇవ్వవలెను."

ఇప్పటివాళ్ళకి ఎరువంటే యూరియా. మా నాయనమ్మ నాటికి ఎరువంటే వేరు. పేరంటానికి పక్కింటావిడ దగ్గర కాసులపేరు తెచ్చుకుని పెట్టుకుంటే అది ఎరువు. అప్పు తెచ్చుకున్నదాన్ని వాడేసి, అలాంటిదే ఇంకొకటి ఇవ్వవచ్చు. ఎరువు తెచ్చుకుంటే మాత్రం అదే వస్తువు వెనక్కి వెళ్ళాలి. ఈ తేడా గుమస్తా గారు కొత్తగా చేరిన వాళ్ళందరికీ ఒక్క ముక్కలో చెప్పేవారు.

"పక్కింట్లో గ్లాసుడు కాఫీపొడి తెచ్చుకున్నావనుకో. పొడి అప్పు. గ్లాసు ఎరువు. పొడి ఏ కొట్లోదైనా ఇవ్వొచ్చు. గ్లాసు మాత్రం ఆ గ్లాసే ఇవ్వాలి. సొట్ట ఉంటే సొట్టతో సహా."

ఇది ఆయనకి వేళాకోళం కాదు, మతం. ఎవరి గొడుగైనా తీసుకుంటే ఆరబెట్టి, ఊచలు లెక్కపెట్టి ఇచ్చేవారు. అందుకని అసలు ఎవరి గొడుగూ తీసుకునేవారు కాదు, తడిసేవారు. పెళ్ళి లేదు. నిధి వెనక గదిలో కాపురం. ఆదివారం పూట ఇనప్పెట్టెలోని దస్తావేజులన్నీ తీసి, నీడపట్టున చాప మీద పరిచి, పురుగు పట్టకుండా వసకొమ్ములు పెట్టి, మళ్ళీ కట్టేవారు. ఒక్కొక్క కట్టకీ ఒక్కొక్క రకం ముడి. నంబర్లు చూసేవారు కాదు. "ఇది పుల్లమ్మ గారిదండి, ఇది పడవ వెంకన్న గారిదండి," అనేవారు, వాళ్ళు అక్కడే చాప మీద కూర్చున్నట్టు. ఆదివారాలు ఆయనతో మాట్లాడినవాళ్ళు వాళ్ళేనేమో.

ఇంకొకటి, ఆ "ఆయ్". మా గోదావరి వాళ్ళం అందరం అంటాం. ఆయన దగ్గర రెండు ఉండేవి. పొట్టి ఆయ్ అంటే అవును. సాగదీసిన ఆయ్ అంటే, తప్పు చేస్తున్నారు, కాని తమరు యజమానులు.

నిధికి ఉన్న జబ్బు ఒక్కటే. ఆస్తి ఉండేది, చేతిలో డబ్బు ఉండేది కాదు. పెట్టె నిండా తోటల దస్తావేజులు. జ్యేష్ఠం వచ్చేసరికి దమ్ములకీ ఊడ్పులకీ డబ్బు దాచుకున్న వాళ్ళంతా ఒకేసారి వచ్చి అడిగేవాళ్ళు. దస్తావేజులు చింపి పంచలేం కదా! అమలాపురం పెద్ద బ్యాంకు మా తోటల కాయితాలు ముట్టుకునేది కాదు. వాళ్ళకి ప్రభుత్వ బాండ్లు కావాలి. అవి పెడితే పూట తిరక్కుండా డబ్బు చేతిలో పెడతారు. ఆ బాండ్లు నర్సాపురంలో ఒక షావుకారు గారి దగ్గర ఊరికే మూలుగుతూ ఉండేవి. అందుకని జ్యేష్ఠం నుంచి మార్గశిరం దాకా మేం పెట్టెలు మార్చుకునేవాళ్ళం. మా దస్తావేజులు ఆయన పెట్టెలోకి వెళ్ళేవి. ఆయన బాండ్లు మా చేతి మీదుగా అమలాపురం బ్యాంకులోకి వెళ్ళేవి. పంట డబ్బు చేతికొచ్చాక బాండ్లు విడిపించి, షావుకారు గారికి అనుకున్న ప్రతిఫలం ముట్టజెప్పి, మా కాయితాలు తెచ్చుకునేవాళ్ళం. మావి నెమ్మదిగా కరిగే కాయితాలు, ఆయనవి తొందరగా కరిగే కాయితాలు. అంతే తేడా. ఒప్పందం గుమస్తా గారే స్టాంపు కాయితం మీద రాసేవారు. అందులో "ఎరువుగా" అన్న మాట రెండుసార్లు ఉండేది, ఒకటి వాళ్ళ బాండ్లకి, ఒకటి మా దస్తావేజులకి.

ఆ మార్పిడికి ఏటా రెండుసార్లు ఆయన సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వసిష్ఠ దాటేవారు. గుడ్డసంచి గుండెలకి ఆనించి, దాని మీద అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి, పంటు నడిమధ్యన నిలబడేవారు. బల్ల ఖాళీగా ఉన్నా కూర్చునేవారు కాదు. టిక్కెట్లు మాత్రం రెండు తీసుకునేవారు, ఒకటి తనకి, ఒకటి సంచికి. దీనిమీద పంటువాడికి వేళాకోళం.

"ఏవండీ గుమస్తా గారూ, అమ్మగారు కులాసాయేనా అండీ?"

"ఆయ్."

"ఈసారి కాస్త ఒళ్ళు చేసేరండోయ్!"

"ముప్ఫై ఒక్క కుటుంబాలయ్యా ఇందులో ఉన్నది. ఒక్క టిక్కెట్టుతో దాటించేస్తున్నాను. నువ్వే నష్టపోతున్నావు."

జనం నవ్వేవారు. ఆయన నవ్వేవారు కాదు. రెండో టిక్కెట్టు ఖర్చు నిధి లెక్కలో ఎప్పుడూ రాయలేదు.

నాన్నగారు పోయిన ఏడాదిలోనే అవతల షావుకారు గారూ పోయారు. ఇక మిగిలింది ఆయన ఇద్దరు కొడుకులు, నేను. మూడు సంతకాలూ కొత్తవే. ఆ ఏడు బాండ్లు తీసుకుని నేనే స్వయంగా అమలాపురం వెళ్ళాను. వాటితో పాటు మా ఒప్పందం కాయితం చూసి ఏజెంటు గారు కళ్ళజోడు పైకి జరుపుకున్నారు.

"ఎరువా! ఏ ఎరువండీ బాబూ, యూరియానా, సూపరా? ఏవయ్యా హెడ్డు గుమస్తా, మనం ఇచ్చే ఎరువుల అప్పా ఇది?"

కౌంటరు అవతల అంతా నవ్వారు. తరవాత ఆయన నన్ను సముదాయిస్తున్నట్టు అన్నారు. "ఏవనుకోకండి. డబ్బుకీ బాండుకీ మొహం ఏవిటండీ? అంతే విలువ గల ఇంకోటి వస్తే సరిపోదూ? బీకాం చదివేరు, మీకు నేను చెప్పాలా?"

నేను ఆ గదిలో నిలబడి ఉన్నాను. నాన్నగారు కూర్చునే కుర్చీలో ఎవరో కొబ్బరి వ్యాపారి కూర్చున్నాడు. ఆ నవ్వు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎరువు సొమ్ము బరువు చేటు అని మా అమ్మ అనేది. ఎరువు తెచ్చుకుని మెళ్ళో వేసుకునే వాళ్ళమా మేం?

మరుసటి జ్యేష్ఠానికి గుమస్తా గారు ఎప్పటిలాగే ఒప్పందం రాసి తెచ్చారు. నేను కలం తీసుకుని "ఎరువుగా" అన్న మాట రెండు చోట్లా కొట్టేశాను. పైన "సమాన విలువ గల పత్రములు తిరిగి ఇచ్చి పుచ్చుకొనునట్లు" అని రాశాను.

"ఆ మాట కొట్టెయ్యకండి, బాబు గారూ," అన్నారు.

"పాత మాటండీ అది. బ్యాంకులో నవ్వుతున్నారు."

"నవ్వనివ్వండి. నవ్వుకి వడ్డీ కట్టక్కర్లేదు కదండీ. సమాన విలువ అని రాసేరనుకోండి, వాళ్ళకి తోచిన కాయితం మన మొహాన కొడతారండి. అందుకేనండి, కాఫీపొడి అప్పు..."

"గ్లాసు ఎరువు. తెలుసు. ఇవి గ్లాసులు కావు, గుమస్తా గారూ."

"ఆ...య్," అన్నారు. అంత పొడుగు ఆయ్ నేను ఎప్పుడూ వినలేదు. కాయితం తీసుకెళ్ళి తిన్నగా సాపు రాసి తెచ్చారు. సంతకం పెట్టాను.

ఆ మార్గశిరంలో ఆయన నర్సాపురం వెళ్ళి వచ్చి, సంచి నా బల్ల మీద పెట్టారు. విప్పలేదు.

"ఇవి మనవి కావండి."

"విప్పకుండా ఎలా తెలుసు?"

"ముళ్ళు వేరండి."

విప్పి చూశాం. విలువలు కూడితే పైసాతో సహా సరిపోయింది. దస్తావేజులు మాత్రం ఎవరెవరివో, లంక భూములవి. ఆయన ఒక్కొక్కటీ చదివి పక్కన పెట్టారు. "ఈ లంక పోయిన వరదలో గోదాట్లో కలిసిపోయిందండి. ఇది అంతకు ముందేడు. కాయితం ఉందండి, కింద నేల లేదు." మా కాయితాలు షావుకారు కొడుకులు తమ అవసరానికి భీమవరంలో ఒక మిల్లు యజమాని దగ్గర పెట్టేసుకున్నారు. వాళ్ళు తప్పు చేయలేదు. నేను రాసిన ప్రకారమే చేశారు.

వారం తిరక్కుండా రాజోలు వైపు నుంచి మిషన్ బడి మాష్టారు ఒకాయన వచ్చారు. నలభై సెంట్ల పాటి నేల మీద ఆయనకి మా దగ్గర అప్పుండేది. ఆఖరి వాయిదా తెచ్చి, నోట్లు బల్ల మీద పెట్టి, చంకలోంచి కొత్త రేకు డబ్బా తీశారు. దస్తావేజు పెట్టుకోవడానికి కొనుక్కొచ్చారు.

"మా కాయితం ఇప్పించండి. ఆదివారం గుళ్ళో పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి బీరువాలో పెట్టుకుంటాం. ఇంటిదీ పిల్లలూ ఎదురు చూస్తున్నారండి."

గుమస్తా గారు లేచి తన స్టూలు ఆయనకి వేశారు. నా ఎదట పేటవాళ్ళలో ఎవరినైనా కూర్చోబెట్టడం మా నిధిలో అదే మొదలు. నేను గొంతు సవరించుకుని, కాయితం రావడం ఆలస్యమవుతుందని చెప్పాను. ఈలోగా అంతే విలువకి నిధి తరఫున పూచీ రాసిస్తామన్నాను.

మాష్టారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు పెంచలేదు.

"మా నాన్న మీ తాతగారి చేలో పాలేరండి. మా వంశంలో నేల కొన్నది ఆయనే మొదలండి. ఆ దస్తావేజు మీద ఆయన వేలిముద్ర ఉంటుందండి. ఆయన ఏనాడూ ఫొటో తీయించుకోలేదు. ఆయనదంటూ మాకున్నది ఆ వేలిముద్ర ఒక్కటేనండి. అంతే విలువ గలది ఎక్కణ్ణించి తెస్తారండి?"

రేకు డబ్బా మూత వేసుకుని వెళ్ళిపోయారు. కట్టిన డబ్బు వెనక్కి అడగలేదు, రసీదు కూడా అడగలేదు. గుమస్తా గారే వీధి చివరిదాకా పరిగెత్తి రసీదు ఇచ్చి వచ్చారు.

మర్నాడు పొద్దున్న ఆయన్ని ఇంటికి పిలిపించాను. మాట తప్పని వంశమని చెప్పుకునేవాళ్ళం. ముప్ఫై ఒక్క ఇళ్ళ కాయితాలు పోగొట్టింది నేను, నా కలం. ఏం చేద్దామని అడిగాను. నేను ఆయన్ని సలహా అడగడం అదే మొదలు. నాకు కావలసిన జవాబు ఒకటుండేది. కోర్టుకు వెళదాం, పదేళ్ళు నడుపుదాం అంటారనుకున్నాను.

"గ్లాసు మనది కాదండి, బాబు గారూ," అన్నారు. "నేను చెప్పేను కదా" అనవచ్చు. అనలేదు.

నేను లోపలికి వెళ్ళి బీరువా తీశాను. మా ముత్తాత నలభై పుట్లలో నా దాకా మిగిలింది పెద్దతోట. పదకొండు ఎకరాల కొబ్బరి. దాని మీద పైసా అప్పు లేదు. ఆ దస్తావేజు తెచ్చి ఆయన చేతికిచ్చాను. ఆయన దానికి కొత్త ముడి వేశారు.

ఇద్దరం కలిసి వెళ్ళాం. పంటువాడు సంచి చూసి, "అమ్మగారు బొత్తిగా చిక్కిపోయేరే!" అన్నాడు. నా మొహం చూసి పంటు తాడు విప్పే పనిలో పడ్డాడు. నర్సాపురంలో షావుకారు పెద్దకొడుకు మాకు సోడాలు తెప్పించాడు.

"మీరే రాసేరు కదండీ, సమాన విలువ అని. మేం మాట తప్పలేదండి." పెద్దతోట కాయితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదైతే భీమవరం ఆయన ఒప్పుకుంటాడండి. మీ కాయితాలు మీకొచ్చేస్తాయి. కాకపోతే తాకట్టు వద్దంటాడేమోనండి. విక్రయం రాయమంటాడు."

"రాస్తాం," అన్నాను. గొంతు వణకలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ తృప్తి.

రిజిస్ట్రేషను అయిన రోజున మా ముప్ఫై ఒక్క కట్టలూ తిరిగొచ్చాయి. గుమస్తా గారు షావుకారు అరుగు మీదే కూర్చుని ఒక్కొక్క ముడీ వేళ్ళతో తడిమి చూసుకున్నారు. మాష్టారి దస్తావేజు ఒక్కటి మాత్రం విప్పి, చివరి పేజీ వెలుతురుకు పట్టి, ఆ నీలి వేలిముద్రను చూసి మళ్ళీ కట్టారు. సాయంత్రం రేవులో ఆయన జేబులో చెయ్యి పెట్టబోతే నేను ఆపాను. పంటువాడికి డబ్బులిచ్చి, "మూడు టిక్కెట్లు," అన్నాను. గుమస్తా గారు నా వైపు చూశారు.

"ఆయ్," అన్నారు. పొట్టిది.

నేను ఆయనకి క్షమాపణ చెప్పుకోవడం అంటూ ఉంటే అదే. మాటల్లో చెప్పలేదు. మా ఇంట్లో అది ఎవరికీ నేర్పలేదు.

పెద్దతోట పోయిందన్న కబురు తెలిశాక డబ్బు దాచుకున్న వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తీసేసుకున్నారు. అందరికీ ఇచ్చేశాం. ఏడాదిన్నరలో నిధి మూసేశాం. ఆఖరి రోజున గుమస్తా గారు తాళాలు నాకు అప్పజెప్పడానికి ఇంటికొచ్చారు. మా అమ్మ, నాయనమ్మ పేరున్న గ్లాసులో కాఫీ ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి, చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. ఎవరి గొడుగూ తీసుకోని మనిషి, జీవితంలో మొదటిసారి అడిగారు.

"ఈ గ్లాసు నాకు ఎరువిప్పించండి, బాబు గారూ."

"ఎరువేవిటండీ, ఉంచుకోండి. మీకే ఇచ్చేశాం."

"వద్దండి. ఉంచుకోమంటే దానం అయిపోద్దండి. ఎరువివ్వండి. అవసరం పడినప్పుడు అడిగి తీసుకుందురు గాని."

సరే అన్నాను. సఖినేటిపల్లి రేవు దగ్గర గది చూసుకున్నానని చెప్పి వెళ్ళిపోయారు. రెండు చేతుల్లో గ్లాసు, గుండెలకి ఆనించి.

ఆయనకి గ్లాసు అవసరమై అడిగారనే అప్పుడు అనుకున్నాను. నాది మందబుద్ధి. ఎరువిచ్చినవాడు ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళి అడగాలి. అది లోకం రివాజు. ఆ తరవాత ఏడెనిమిదేళ్ళలో నేను ఆ రేవు దాటి నర్సాపురం ఎన్నోసార్లు వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు పంటు దిగి పది అడుగులు పక్కకి వేస్తే ఆయన గది. ఒక గ్లాసు కోసం వచ్చాడనుకుంటారేమో, ఇంత దిగజారిపోయారా అనుకుంటారేమో అని మెడ తిప్పకుండా బస్సెక్కేవాణ్ణి.

పెద్దావిడకి అమ్మ లేని వంటింట్లో నేనే మజ్జిగ కలిపి ఇచ్చాను. ఆయన ఆమె ఇంటి వరండా గదిలోనే ఉండేవారట.

"రోజూ పొద్దున్నే చింతపండెట్టి ఆ గ్లాసు తోమేవోరండి. అందులో ఒక్కనాడు నీళ్ళు తాగలేదండి. ఎందుకండీ ఈ చాకిరీ అంటే, బాబు గారు ఏ పూటైనా వచ్చి అడుగుతారమ్మా, సిద్ధంగా ఉండాలి కదా అనేవోరండి. పంటు వచ్చినప్పుడల్లా గుమ్మంలోకొచ్చి నిలబడేవోరండి."

ఆమె వెళ్ళాక గ్లాసు పెట్టడానికి అల్మారా తీశాను. లోపల రెండు స్టీలు గ్లాసులు, ఒక ప్లాస్టిక్ డబ్బా ఉన్నాయి. సీతారత్నం అని పేరున్న సామాను ఇంట్లో ఇంకేదీ లేదు. అమ్మ పోయిన ఏడు ఆ ఇత్తడీ కంచూ మూడు గోతాలు కట్టి, రావులపాలెం నుంచి వచ్చిన వ్యాపారికి తూకానికి అమ్మేశాను.